కందకానికి ఊత

ఇసుకనేలలో బావి తవ్వేవారికి ఒర లేనిదే పని జరగదు. కాల్చిన మట్టితోనో సిమెంటుతోనో చేసిన గుండ్రని ఒరను నేలమీద నిలిపి, దాని లోపలి మట్టిని తవ్వి తీస్తూ ఉంటే ఒర తన బరువుతో తానే కిందికి దిగుతుంది. దానిమీద మరొక ఒర, ఆపైన ఇంకొకటి. తవ్వేవాడు ఎల్లప్పుడూ ఒర లోపలే ఉంటాడు. చుట్టూ ఉన్న ఇసుక ఎంత నెట్టినా అన్ని వైపుల నుంచీ ఒక్కలాగే నెట్టుతుంది గనుక గుండ్రని ఒర ఆ ఒత్తిడిని తనలోనే ఇముడ్చుకొంటుంది. లోపల అడ్డంగా ఏ దూలమూ పెట్టనక్కర లేదు.

మంచినీటి గొట్టం కొరకో, మురుగుకాలువ కొరకో వీధి పొడుగునా తవ్వే కందకానికి ఈ సౌకర్యం లేదు. దానికి రెండు నిలువు గోడలు ఎదురెదురుగా ఉంటాయి. రెండూ లోపలికే నెట్టుతాయి. వీటిని ఆపాలంటే ఈ గోడను ఆ గోడకు ఆనించి మధ్య ఊతలు బిగించాలి. ఇంజనీర్లు దీనినే షోరింగు అంటారు. పూర్వం ఈ పనికి కొయ్యపలకలు, దూలాలు వాడేవారు. నేడు అనేక దేశాల్లో ఉక్కుతో, అల్యూమినియంతో చేసిన తయారుసామాను రోజుల లెక్కన అద్దెకు దొరుకుతున్నది. పని చేయించే ఇంజనీరు ముందున్న ప్రశ్న ఒక్కటే: ఈ నేలకు, ఈ లోతుకు, వీటిలో ఏది తీసుకోవాలి? ఈ ప్రశ్నకు ఒక కాగితం చూసి జవాబు చెప్పగలిగే స్థితికి రావడానికి దాదాపు రెండు వందల ఏళ్ళు పట్టింది.

ప్రశ్న చిన్నదిగా కనిపించవచ్చు గాని, తప్పు జవాబుకు చెల్లించే మూల్యం చిన్నది కాదు. ఒక ఘనమీటరు మట్టి సుమారు 1800 కిలోగ్రాముల బరువు తూగుతుంది. అంటే ఒక మోటారుకారు బరువు కంటె ఎక్కువే. కందకం గోడ కూలినప్పుడు పడేది ఒక్క ఘనమీటరుతో ఆగదు. మనిషి తల పైకే ఉన్నా, ఛాతీ వరకు మట్టి కప్పితే ప్రాణం నిలవడం కష్టం. ఊపిరి వదిలినప్పుడు ఛాతీ కుంచించుకొన్నంత మేరా మట్టి సర్దుకొంటుంది. మళ్ళీ ఊపిరి పీల్చడానికి చోటుండదు. కాపాడబోయి దిగినవారి మీద రెండవ గోడ కూలిన సందర్భాలూ ఉన్నాయి. అమెరికాలో ఇన్ని యంత్రాలు, ఇన్ని చట్టాలు ఉండి కూడా ఒక్క 2022లోనే ఇట్లా 39 మంది మరణించారు.

పందొమ్మిదవ శతాబ్దం నడుమ యూరపులోని మహానగరాల కింద కందకాలు విస్తారంగా తవ్వవలసి వచ్చింది. 1858 వేసవిలో థేమ్సు నది దుర్గంధం భరించలేక లండనులో పార్లమెంటు సభ్యులే అల్లాడిపోయారు. దాని ఫలితంగా జోసెఫ్ బేజల్‌గెట్ ఆధ్వర్యంలో 1859లో పెద్ద మురుగుకాలువల నిర్మాణం మొదలైంది. 1875 నాటికి ఆ పని చాలవరకు ముగిసింది. ఇదే కాలంలో, 1860లో, వీధిని పైనుంచి తవ్వి, కింద రైలుదారి కట్టి, పైన మళ్ళీ కప్పివేసే పద్ధతిలో మెట్రోపాలిటన్ రైల్వేను ఆరంభించారు. ఈ పనులలో గోడలను ఆపినది కలపే. గోడకు ఆనించి నిలువు పలకలు, వాటిమీద నుంచి పొడుగునా అడ్డదూలాలు, ఆ దూలాల నుంచి ఎదుటి దూలాలకు బిగించిన కొయ్య స్ట్రట్టులు. స్ట్రట్టు చివర చీల కొట్టి బిగించేవాడు దాని చప్పుడును బట్టి అది ఎంత బలంగా పట్టిందో చెప్పేవాడు. లెక్కలు లేవు, అనుభవం ఉంది. ఎన్నో గోడలను ఆ అనుభవమే నిలబెట్టింది. అయితే అనుభవానికి అందని చోట్లు కూడా ఉన్నాయి. 1862 జూన్‌లో ఫ్లీటు అనే పాత మురుగుకాలువ పగిలి, కట్టుబడిలో ఉన్న రైలుదారిలోకి వరదలాగా దూకింది. కందకాన్ని ఆనుకొని నీరు ఉంటే ఎంతటి ఊతకైనా పరీక్షే.

విచిత్రమేమంటే, మట్టి ఒత్తిడిని లెక్కించే సిద్ధాంతం అప్పటికే పుట్టి ఎనభై ఏళ్ళు దాటింది. దానిని చెప్పినవాడు విద్యుదావేశాల సూత్రంతో ప్రతి విద్యార్థికీ తెలిసిన కూలాం. విద్యుత్తు జోలికి పోకముందు ఆయన ఫ్రెంచి సైన్యంలో ఇంజనీరు. మార్టినీక్ ద్వీపంలో కోట కట్టే పనిలో ఎనిమిదేళ్ళు గడిపాడు. కోటగోడ వెనుక నింపిన మట్టి గోడను ఎంత బలంగా నెట్టుతుంది అన్న ప్రశ్న అక్కడ ఆయనకు నిత్యం ఎదురైంది. 1773లో పారిస్ సైన్సు అకాడమీ ముందు చదివి, 1776లో అచ్చయిన వ్యాసంలో ఆయన దానికి జవాబు చెప్పాడు. గోడ కొంచెం కదిలితే దాని వెనుక మట్టి చీల ఆకారంలో ఒక ముక్కగా విడిపోయి, ఏటవాలు తలం మీద కిందికి జారజూస్తుంది. ఆ ముక్క బరువు దాన్ని జారుస్తుంది. తలం మీది ఘర్షణ, మట్టికణాల మధ్య సంసంజనం దాన్ని ఆపుతాయి. మిగిలిన భారమే గోడ మోయాలి. 1857లో గ్లాస్గో ఆచార్యుడు రాంకిన్ ఇదే విషయాన్ని మరొక దారిలో సాధించి సులభమైన సూత్రం ఇచ్చాడు.

ఘర్షణకోణం 30 డిగ్రీలున్న పొడి ఇసుకకు రాంకిన్ సూత్రం ప్రకారం పక్కకు నెట్టే ఒత్తిడి, పైనుంచి పడే ఒత్తిడిలో మూడవ వంతు. మూడు మీటర్ల లోతున పైనుంచి పడేది చదరపు మీటరుకు 5400 కిలోగ్రాములు. పక్కకు నెట్టేది 1800. నేలమట్టం దగ్గర అది సున్న. కనుక ఒత్తిడిని పటంగా గీస్తే అడుగున వెడల్పు, పైన మొన గల త్రిభుజం వస్తుంది. మీటరు పొడుగు గోడ మీద మొత్తం భారం 2700 కిలోగ్రాములు. ఈ లెక్కను నమ్మినవాడు ఏం చేస్తాడు? కందకం అడుగున లావైన స్ట్రట్టులు, పైన సన్ననివి పెడతాడు.

పైన పెట్టిన సన్నని స్ట్రట్టులే విరుగుతున్నాయని కందకాల్లో పనిచేసేవారు చెపుతూ వచ్చారు. 1881లో బెంజమిన్ బేకర్, తరువాత ఫోర్త్ వంతెన కట్టి పేరుపొందినవాడు, లండనులోని సివిలింజనీర్ల సంస్థలో ఒక వ్యాసం చదివాడు. సిద్ధాంతం చెప్పినంత ఒత్తిడి వాస్తవంలో అనేక గోడల మీద పడడం లేదని ఆయన తాను చూసిన పనుల నుంచి చూపించాడు. 1908లో మీమ్ అనే అమెరికను ఇంజనీరు మరీ ముందుకు వెళ్ళి, ఊతలు పెట్టిన కందకంలో ఒత్తిడి అడుగున కంటె పైననే ఎక్కువ అన్నాడు. పండితులకు ఇది రుచించలేదు. ద్రవంలో లోతు పెరిగినకొద్దీ ఒత్తిడి పెరుగుతుంది. మట్టి మాత్రం దానికి విరుద్ధంగా ఎందుకు నడవాలి? ఇరువైపులా నిజం కొంత ఉంది గాని, దానిని తేల్చడానికి కొలతలు లేవు.

ఆ కొలతలకు దారి తీసినవాడు కార్ల్ టెర్జాగి. 1883లో ప్రేగ్‌లో పుట్టి, ఇస్తాంబులులో పాఠాలు చెపుతూ, దొరికిన పరికరాలతోనే మట్టి మీద ప్రయోగాలు చేసి, 1925లో మృత్తికా యాంత్రిక శాస్త్రానికి పునాది అనదగిన గ్రంథం వెలువరించాడు. అందరూ అడగవలసి ఉండి ఎవరూ సూటిగా అడగని ప్రశ్న ఒకటి ఆయన అడిగాడు: గోడ ఎట్లా కదులుతుంది? కట్టుబడి అయిన నిలుపుగోడ తన పాదం మీద ముందుకు ఒరుగుతుంది. దాని తల ఎక్కువ కదులుతుంది, పాదం కదలదు. కూలాం, రాంకిన్‌ల త్రిభుజం దానికి సరిపోతుంది. కందకంలో జరిగేది దీనికి తలకిందులు. కొద్దిగా తవ్వగానే మొదటి స్ట్రట్టును పైన బిగిస్తారు. అప్పటికి మట్టి ఇంకా కదలలేదు, ఇక కదలనూ లేదు. తరువాత కిందికి తవ్వేకొద్దీ, తరువాతి స్ట్రట్టు పెట్టేలోపల గోడ అడుగుభాగం లోపలికి జరుగుతుంది. జరిగిన మట్టి తన భారాన్ని తాను దించుకొని, జరగని పైమట్టి మీద మోపుతుంది. అది పై స్ట్రట్టులకు చేరుతుంది. బరువు మోసే గుంపులో ఒకడు కొంచెం వంగితే మిగిలినవారి భుజాల మీద భారం పెరిగినట్లే. కాబట్టి మొత్తం ఒత్తిడి సుమారుగా కూలాం చెప్పినంతే ఉండవచ్చు. అది పంచుకోబడే తీరు మాత్రం వేరు.

ఈ మాటకు రుజువు రెండు నగరాల్లో దొరికింది. బెర్లిన్‌లో భూగర్భరైలు కొరకు ఇసుకలో తవ్విన గోతుల స్ట్రట్టులను కొలిచి, ఫలితాలను 1937లో ప్రకటించారు. అదే నగరంలో 1935 ఆగస్టు 20న బ్రాండెన్‌బర్గ్ ద్వారం చేరువన రైలుదారి గొయ్యి కూలి 19 మంది పనివారు చనిపోయారు. 1938 చివర చికాగోలో భూగర్భరైలు పని మొదలైంది. అక్కడి నేల మెత్తని బంకమన్ను. టెర్జాగి సలహాదారు, స్థలంలో ఉండి కొలతలు తీయించినవాడు ఆయన తరఫున వచ్చిన రాల్ఫ్ పెక్, అప్పటికి ముప్పై ఏళ్ళైనా నిండనివాడు. 1943లో పెక్ ప్రకటించిన కొలతల్లో త్రిభుజం కనిపించలేదు. భారం పైనుంచి కింది దాకా పరుచుకొని ఉంది. అంతేకాదు, ఒకే మట్టిలో, ఒకే లోతులో, పక్కపక్కన ఉన్న రెండు స్ట్రట్టులలో ఒకటి మోసేది ఇంకొకటి మోయడం లేదు. ఎంత గట్టిగా బిగించారు, ఎంత ఆలస్యంగా బిగించారు అన్నదానిని బట్టి భారం మారిపోతున్నది. దీనివల్ల ఒక ముఖ్యమైన సంగతి తేలింది. సగటు భారానికి సరిపోయే ఊత చాలదు, అన్నిటికంటె ఎక్కువ భారం పడే స్ట్రట్టుకు సరిపోవాలి. ఎందుకంటే ఒక్క స్ట్రట్టు విరిగితే దాని భారం పక్కదానిమీద పడుతుంది. అదీ విరిగితే వరుసగా అన్నీ పోతాయి. టెర్జాగి, పెక్ కలిసి రాసి 1948లో వెలువరించిన పుస్తకం ద్వారా ఈ పద్ధతి లోకమంతటికీ పాకింది.

బంకమట్టి విషయంలో మరొక మాయ ఉంది. ఇసుక వెంటనే రాలుతుంది గనుక దాన్ని ఎవరూ నమ్మరు. బంకమట్టి నిలువుగా నిలబడుతుంది గనుక నమ్ముతారు. చదరపు సెంటీమీటరుకు అరకిలో నలుగుడుబలం గల మెత్తని మట్టిని తీసుకొంటే, సంసంజనం అందులో సగం. లెక్క ప్రకారం అటువంటి మట్టిలో సుమారు 5.5 మీటర్ల నిలువుగోడ ఏ ఊతా లేకుండా నిలబడవచ్చు. కాని నిలబడ్డ గోడ పైఅంచుకు కొంచెం వెనుకగా నేల పగులుతుంది. ఆ పగుళ్ళను లెక్కలోకి తీసుకొంటే టెర్జాగి సూత్రం ప్రకారం 3.7 మీటర్లే. పగుళ్ళలోకి వాననీరు దిగితే అది కూడా లేదు. గోడ నిన్న నిలిచిందంటే ఆ రోజు సరిపోయిందని మాత్రమే అర్థం. ఎండకు బిగిసి, వానకు ఉబ్బే నల్లరేగడిని ఎరిగినవారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కర లేదు.

ఇక సామాను సంగతి. 1902లో జర్మనీలోని బ్రెమెన్ నగర ఇంజనీరు లార్సెన్ ఒకదానికొకటి అంచులు చిక్కుకొనే ఉక్కు పలకలను తెచ్చాడు. నీరు ఊరే చోట, కారే ఇసుకలో ఇవి కొయ్యపలకలు చేయలేని పని చేశాయి. ఇరవయ్యవ శతాబ్ది ఉత్తరార్ధంలో తవ్వే యంత్రాలు బలపడిన తరువాత మరి రెండు రకాలు వాడుకలోకి వచ్చాయి. ఒకటి ట్రెంచి బాక్సు. రెండు ఉక్కుగోడలు, వాటి మధ్య ఉక్కుగొట్టాల స్ట్రట్టులు. పైనా కిందా, ముందూ వెనుకా తెరిచే ఉంటుంది. యంత్రంతో ఎత్తి కందకంలో దించి, పని సాగేకొద్దీ ముందుకు లాగుతారు. రెండవది అల్యూమినియం పట్టీల మధ్య హైడ్రాలిక్ సిలిండర్లు గల ఊత. దాన్ని మడిచి కందకంలోకి జారవిడిచి, ఒడ్డునే నిలబడి చేతిపంపుతో ద్రవం ఎక్కిస్తే సిలిండర్లు చాచుకొని రెండు గోడలనూ అదుముతాయి. కొయ్య ఊత బిగించాలంటే మనిషి ఊత లేని కందకంలోకి ముందు దిగవలసి వచ్చేది. ఆ కొద్ది నిమిషాల గండాన్ని ఇది తప్పించింది.

ఈ సామాను ఎందుకు అద్దెకు తీసుకొంటారో ఊహించవచ్చు. ఒక బాక్సు టన్నుల బరువు. ఈ వీధిలో రెండు మీటర్ల లోతు, పై వీధిలో నాలుగు. ఒకచోట గొట్టం సన్నం, ఇంకొకచోట లావు. అన్ని కొలతలూ కొని దాచుకోవడం పెద్ద కంపెనీలకే చెల్లుతుంది. కాని అద్దె కొత్త చిక్కును తెచ్చింది. పాత వడ్రంగి తాను కోసిన దూలం బలం ఎరుగును. ఎవరో చేసి, ఎవరో వాడి, ఎవరో తిరిగి ఇచ్చిన బాక్సు ఎంత మోయగలదో కొత్తగా వచ్చినవాడికి ఎట్లా తెలుస్తుంది?

అమెరికాలో 1970లో చేసిన వృత్తిభద్రతా చట్టం కింద ఏర్పడిన శాఖ 1989లో తవ్వకాల నియమాలను తిరగరాసి ఈ ప్రశ్నకు సమాధానం ఇచ్చింది. కందకం 5 అడుగులు దాటితే, పూర్తిగా గట్టిరాయి అయితే తప్ప, రక్షణ ఉండాలి. 20 అడుగులు దాటితే నమోదైన ఇంజనీరు రూపకల్పన ఉండాలి. తయారుసామాను వాడితే తయారుచేసినవారి పట్టిక, ఏ మట్టిలో ఎంత లోతు వరకు వాడవచ్చునో తెలిపే కాగితం, దాన్ని అమర్చేటప్పుడు పనిస్థలంలో ఉండాలి. అద్దె దుకాణం నుంచి ఉక్కుతో పాటు ఆ కాగితం రాకపోతే వచ్చినది ఉత్త ఇనుమే.

ఆ కాగితం చదవాలంటే ముందు మట్టి తరగతి తెలియాలి. నియమాలు రాయి కాని నేలలను ఎ, బి, సి అని మూడుగా విభజించాయి. చదరపు అడుగుకు ఒకటిన్నర టన్ను, అంతకు మించి నలుగుడుబలం గల గట్టి బంకమట్టి ఎ. అర టన్ను, అంతకు తక్కువ ఉన్నది, ఇసుక, నీరు ఊరే నేల సి. మధ్యది బి. పరీక్ష సాధనం బొటనవేలు కూడా కావచ్చు: ఎ మట్టి మీద వేలు గుర్తు సులువుగానే పడుతుంది గాని, వేలు లోపలికి అతి కష్టం మీదనే దిగుతుంది; మెత్తని సి మట్టిలో సులువుగా దిగిపోతుంది. పగుళ్ళున్న మట్టి, వాహనాల కంపనం తగిలే మట్టి, పూర్వం ఒకసారి తవ్విన మట్టి ఎంత గట్టిగా ఉన్నా ఎ కాదు. ఊరివీధిలో ఇదివరకు ఏదో ఒక గొట్టం కొరకు తవ్వని చోటు ఎక్కడ ఉంటుంది? అందుచేత వీధుల్లో ఎ అన్న అక్షరం రాయబోయే చేయి ఆగి ఆలోచించాలి.

ఆ అక్షరం విలువ ఎంతో చిన్న లెక్క చెపుతుంది. ఆ నియమాల్లోని కొయ్య ఊతల పట్టికలు ఒత్తిడిని త్రిభుజంగా కాక, పైనుంచి కిందికి ఒకే తీరుగా తీసుకొన్నాయి. చికాగో నేర్పిన పాఠం అక్కడ కనిపిస్తుంది. చదరపు అడుగుకు ఒత్తిడి, లోతులోని ఒక్కొక్క అడుగుకు ఎ మట్టిలో 25 పౌన్లు, బి మట్టిలో 45, సి మట్టిలో 80. ఒడ్డున ఉండే బరువు కొరకు పైన మరి 72 పౌన్లు. కందకం 12 అడుగులైతే ఎ మట్టిలో 372 పౌన్లు, సి మట్టిలో 1032. అంటే ఎ మట్టిలో 12 అడుగులకు సరిగ్గా సరిపోయే ఊత, సి మట్టిలో నాలుగడుగులు చేరకముందే తన హద్దుకు వస్తుంది. ఉదయం ఎ గా ఉన్నది సాయంత్రం వాన కురిస్తే ఎ గా మిగలకపోవచ్చు. కందకాన్ని ప్రతిరోజూ పని మొదలుపెట్టేముందు, వాన వెలిసిన తరువాత మళ్ళీ పరీక్షించాలనడానికి కారణం ఇదే.

బలం సరిపోయినంత మాత్రాన ఎంపిక ముగియదు. ట్రెంచి బాక్సు లోపలి మనుషులను కాపాడుతుంది గాని, మట్టిగోడను పట్టి ఉంచదు. దానికీ గోడకూ మధ్య సందు ఉంటుంది. ఆ సందు మేర నేల జరిగితే పొలంలో నష్టం లేదు. పక్కన పాత ఇల్లో, నీటిగొట్టమో ఉంటే నష్టమే. అక్కడ గోడను అదిమి పట్టే హైడ్రాలిక్ ఊత మేలు. అడ్డంగా పాత గొట్టాలు, తీగలు దాటే చోట పొడుగాటి బాక్సు దిగనే దిగదు. విడివిడి ఊతలను వాటి నడుమ పెట్టవచ్చు. పొడవైన గొట్టాలు వేసే సూటి కందకంలో బాక్సుకు మించిన వేగం లేదు, అయితే బాక్సు గొట్టం కంటె పొడుగుండాలి, దాని అడుగు స్ట్రట్టు కింద నుంచి గొట్టం దూరాలి. కారే ఇసుకలో ఈ రెండూ పనికిరావు. అక్కడ ఉక్కుపలకలు దించవలసిందే. చివరకు, అద్దెకు తెచ్చిన బాక్సును ఎత్తగల యంత్రం స్థలంలో లేకపోతే పైవన్నీ వృథా. ఈ చివరి సంగతి బాక్సు వచ్చిన తరువాత గుర్తుకు రావడం అరుదు కాదు.

భారతదేశంలో తవ్వకపు పనుల భద్రతకు ఐ.ఎస్. 3764 అనే ప్రమాణం 1966లో వచ్చింది, 1992లో సవరణ పొందింది. మట్టిలో ఒకటిన్నర మీటరు లోతు దాటిన కందకాలకు ఊతలు ఉండాలని అది చెపుతుంది. అమెరికా వారి 5 అడుగులూ ఇదే కొలత. మనిషి నిలబడితే మట్టి ఛాతీ ఎత్తు దాటే లోతు ఇది. వంగి గొట్టం అతికేవాడికి ఇంకా తక్కువ లోతైనా ప్రమాదమే.

అద్దె సామానులో అన్నిటికంటె మెలకువ కావలసినది దాన్ని తిరిగి ఇచ్చే రోజున. గొట్టం వేయడం అయింది, రోజు అద్దె నడుస్తున్నది, బండి వచ్చి నిలబడింది. ఊతలను పైనుంచి చకచకా విప్పితే, అంతవరకు పై స్ట్రట్టులు మోస్తున్న భారం ఒక్కసారిగా కిందివాటి మీద పడుతుంది. కింది స్ట్రట్టును మొదట మెల్లగా సడలించి, గోడ కదలికను చూసి, అంతమేర మట్టి నింపి, ఆ తరువాత దాని పైదాని దగ్గరికి రావాలి. అన్నిటికంటె ముందు పెట్టిన పై స్ట్రట్టు అన్నిటికంటె చివర బయటికి వస్తుంది.